తాళం వేసిన పలక

నిజామాబాదు నుంచి బాసర వైపు వెళ్ళే రైలు ఎక్కితే దారిలో నవీపేట స్టేషను వస్తుంది. పసుపు పండే సీమ అది. పొలంలో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, కొమ్ములను బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెటు యార్డుకు తోలుతారు. పంట బాగా పండి డబ్బు చేతికి వచ్చిన ఏడాది ఇంట్లోకి ఏదో ఒక కొత్త వస్తువు రావడం మామూలే. పదేళ్ళ కిందట అలా వచ్చిన ఒక టాబ్లెట్టు కంప్యూటరును ఊహించుకోండి. ఇంగ్లీషులో టాబ్లెట్టు అంటే పలక అనే అర్థం కూడా ఉంది. మన కథలో దాన్ని పలక అనే పిలుద్దాం.

ఇప్పుడా పలక బీరువాలో బట్టల కింద పడి ఉంది. అద్దం పగలలేదు. బ్యాటరీ ఛార్జి అవుతుంది. బొత్తాము నొక్కితే వెలుగుతుంది. అయినా ఎందుకూ పనికిరావడం లేదు. దాన్ని నడిపించే ప్రోగ్రాము పాతబడిపోయింది. తయారుచేసినవారు మరమ్మతులు పంపడం మానేశారు. కొత్త ప్రోగ్రాము ఏది వేయబోయినా "ఈ పరికరానికి కాదు" అంటుంది.

"దాంట్లో లినక్స్ వేసుకో, మళ్ళీ పని చేస్తుంది" అని ఎవరో అన్న సలహా చెబుతారు. సరేనని లినక్స్ ఉన్న పెన్‌డ్రైవు తగిలించి చూస్తే, పలక దాని వైపు కన్నెత్తి కూడా చూడదు. లేదా, దీన్ని నడపడానికి అనుమతి లేదని తెరమీద ఒక ముక్క చెప్పి ఊరుకుంటుంది.

మనం డబ్బిచ్చి కొన్న వస్తువులో మనకు కావలసిన ప్రోగ్రాము వేసుకోవడానికి అనుమతి ఏమిటి? ఆ అనుమతి ఇచ్చేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే, బొత్తాము నొక్కిన మొదటి కొన్ని సెకండ్లలో పలక లోపల ఏం జరుగుతుందో చూడాలి.

పొద్దున్నే బడి తెరిచేదెవరు?

పొద్దున్నే మీ బడి ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకోండి. ముందు వాచ్‌మన్ వచ్చి గేటు తెరుస్తాడు. అతనికి పాఠాలు చెప్పడం రాదు. గేటు తెరిచి అటెండరును లోపలికి పంపడమే అతని పని. అటెండరు గదుల తాళాలు తీసి, బల్లలు సర్ది, గంట కొడతాడు. ఆ తర్వాత హెడ్‌మాస్టరు వచ్చి బడిని నడుపుతారు.

పలక కూడా ఇలాగే మేలుకుంటుంది. కరెంటు అందగానే ప్రాసెసరు చిప్పు పూర్తిగా ఖాళీ బుర్రతో ఉంటుంది. ప్రోగ్రాములు ఉండవలసిన పెద్ద జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, అప్పటికి ఖాళీగా ఉండడమే కాదు, వాడుకోవడానికి సిద్ధంగా కూడా ఉండదు. దాన్ని సిద్ధం చేయడానికే ఒక ప్రోగ్రాము కావాలి. మరి ఆ ప్రోగ్రామును ఎక్కడ పెట్టుకుని నడపాలి?

ఇందుకు ఇంజనీర్లు ఒక ఉపాయం పన్నారు. చాలా పలకల్లో చిప్పు తయారయ్యేటప్పుడే దాని లోపల ఒక చిన్న ప్రోగ్రామును చెరగకుండా అచ్చు వేస్తారు. దీన్ని బూట్ రామ్ అంటారు. ఇదే మన వాచ్‌మన్. ఇది ముందుగా నిర్ణయించిన ఒక చోట వెతికి, అక్కడ దొరికిన రెండో ప్రోగ్రామును చిప్పులోనే ఉన్న చిన్న జ్ఞాపకంలోకి ఎత్తుకుని దానికి పని అప్పగిస్తుంది. ఆ రెండోది అటెండరు. అది ర్యామ్‌ను మేల్కొలిపి, బూట్‌లోడరు అనే మరో ప్రోగ్రామును తెస్తుంది. బూట్‌లోడరు వెళ్ళి హెడ్‌మాస్టరును, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌ను పిలుచుకొస్తుంది.

ఈ క్రమాన్ని బూటింగ్ అంటారు. తన బూట్ల పట్టీలు తానే పట్టుకు లాగి తనను తాను పైకి ఎత్తుకోవడం అనే ఇంగ్లీషు వేళాకోళం నుంచి ఈ మాట పుట్టింది. నిజంగా మనిషికి అది సాధ్యం కాదు. కంప్యూటరు మాత్రం మెట్టు మెట్టుగా ఆ పని చేస్తుంది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ప్రతి మెట్టూ తర్వాతి మెట్టును ఎంచుకుంటుంది. కాబట్టి మొదటి మెట్టు ఎవరి మాట వింటుందో వారి మాటే చివరిదాకా చెల్లుతుంది. వాచ్‌మన్ కొత్త హెడ్‌మాస్టరును లోపలికి రానిస్తేనే కదా ఆయన బడి నడిపేది!

హైదరాబాదులో కూర్చిన ఆకాశ్

గేటు బార్లా తెరిచి ఉన్న పలక ఎలా ఉంటుందో ముందు చూద్దాం. దానికి దూరం వెళ్ళనక్కరలేదు.

2011 అక్టోబరు 5న ఢిల్లీలో భారత ప్రభుత్వం ఆకాశ్ అనే చవక టాబ్లెట్టును విడుదల చేసింది. విద్యార్థులకు తక్కువ ధరకు కంప్యూటరు అందించాలన్నది ఆశయం. డేటావిండ్ అనే సంస్థ దాన్ని సరఫరా చేసింది. తొలి విడత పలకలను కూర్చింది మన హైదరాబాదులోని క్వాడ్ అనే సంస్థ కర్మాగారంలోనే. ప్రభుత్వానికి ఒక్కొక్కటి రూ. 2,276 పడింది. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ వేగం, 256 మెగాబైట్ల ర్యామ్. నెమ్మదిగా నడుస్తోందని, బ్యాటరీ త్వరగా అయిపోతోందని వాడినవారు ఫిర్యాదు చేశారు.

2012 నవంబరు 11న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ రెండో ఆకాశ్‌ను విడుదల చేశారు. ఇందులో 1 గిగాహెర్ట్జ్ వేగం గల ఆల్‌విన్నర్ ఏ13 అనే చిప్పు, 512 మెగాబైట్ల ర్యామ్, 4 గిగాబైట్ల నిల్వ ఉన్నాయి. రెండూ ఆండ్రాయిడ్‌తోనే వచ్చాయి.

ఆల్‌విన్నర్ చిప్పులోని వాచ్‌మన్‌కు ఒక మంచి అలవాటు ఉంది. కరెంటు రాగానే ముందు ఎస్‌డీ కార్డు వైపు చూస్తాడు. కార్డు మొదటి నుంచి సరిగ్గా 8 కిలోబైట్ల దూరంలో ఒక గుర్తు ఉందా అని వెతుకుతాడు. ఉంటే, అక్కడున్న చిన్న ప్రోగ్రామును లోపలికి రానిస్తాడు. లేకపోతే పలకలోని సొంత నిల్వ వైపు తిరిగి ఆండ్రాయిడ్‌ను లేపుతాడు. నువ్వెవరివి, నిన్నెవరు పంపారు అని అడగడు.

బొంబాయి ఐఐటీ బృందం ఈ అలవాటును ఉపయోగించుకుంది. లినక్స్ మొత్తాన్ని ఒక ఎస్‌డీ కార్డు మీద అమర్చింది. కార్డు గుచ్చి బొత్తాము నొక్కితే ఆకాశ్ లినక్స్‌తో మేలుకుంటుంది. కార్డు తీసేసి నొక్కితే మామూలు ఆండ్రాయిడ్ వస్తుంది. పలకలో ఏదీ చెరగదు, ఏదీ మారదు. తప్పు జరిగినా నష్టపోయేది కార్డులోని సమాచారమే. నేర్చుకునే పిల్లవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. ఆండ్రాయిడ్ కూడా లినక్సే కదా? నిజమే. 1991లో ఫిన్‌లాండులోని హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ కెర్నెలే ఆండ్రాయిడ్‌కూ గుండెకాయ. అయితే దాని చుట్టూ ఉన్న మిగతా శరీరం వేరు. ఇక్కడ మనం లినక్స్ అంటున్నది డెబియన్, ఉబుంటు వంటి పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్‌లను. వాటి మూల రచనను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు. కనుక తయారీదారు వదిలేసిన యంత్రాన్ని కూడా ఎవరో ఒకరు పట్టించుకునే వీలుంటుంది.

కాపలాదారు ఎందుకు వచ్చాడు?

గేటు తెరిచి ఉంచడం అంత మంచిదైతే అందరూ అలాగే చేయవచ్చు కదా అంటారా? తెరిచిన గేటులోంచి చుట్టాలే కాదు, దొంగలూ వస్తారు.

1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరసు ఫ్లాపీ డిస్కులో మొట్టమొదట చదివే భాగంలోనే దాక్కునేది. దాన్ని బూట్ సెక్టార్ అంటారు. కంప్యూటరు మేలుకునేటప్పుడే వైరసు కూడా మేలుకునేది. హెడ్‌మాస్టరు కంటే ముందే బడిలో చొరబడి కూర్చున్న దొంగను ఎవరు పట్టుకోగలరు? వైరసులను వెతికే ప్రోగ్రాములు ఆ తర్వాత గానీ మేలుకోవు.

ఈ బెడద నుంచి కాపాడుకోవడానికి సెక్యూర్ బూట్ అనే ఏర్పాటు వచ్చింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కొత్త కంప్యూటర్లలో ఇది సాధారణమైంది. దీని ప్రకారం ప్రతి మెట్టూ తర్వాతి మెట్టును పిలిచే ముందు, దాని మీద తనకు తెలిసినవారి ముద్ర ఉందో లేదో చూస్తుంది. ముద్ర సరిపోతేనే రానిస్తుంది.

తక్‌పట్టీ మీద ముద్ర

ప్రోగ్రాముకు ముద్ర ఎలా వేస్తారు? యార్డు నుంచి బయటికి వెళ్ళే పసుపు లారీని తలుచుకోండి. సరుకు వివరాలు తక్‌పట్టీలో రాసి ఉంటాయి. గేటు దగ్గర కాపలాదారు ఆ పట్టీనే ఆధారం చేసుకుంటాడనుకుందాం. అతను రెండు సంగతులు చూడాలి. పట్టీలోని లెక్క, లారీలోని సరుకు సరిపోతున్నాయా? పట్టీ మీద ఉన్న ముద్ర అసలైనదేనా?

ప్రోగ్రాము విషయంలోనూ ఇవే రెండు పరీక్షలు. ప్రోగ్రాము అంటే చివరికి ఒక పొడవాటి అంకెల వరుస. దాని నుంచి ఒక చిన్న లెక్క తీయాలి. మీరే చేసి చూడండి. 4, 7, 2, 9 అనే అంకెలు తీసుకోండి. ఊరికే కూడితే 22 వస్తుంది. ఎవరైనా 7నీ 2నీ తారుమారు చేస్తే మొత్తం మారదు, మోసం బయటపడదు. అందుకని ప్రతి అంకెనూ దాని స్థానంతో గుణించి కూడుదాం. 4×1, 7×2, 2×3, 9×4 కలిపితే 60. తారుమారు చేసిన 4, 2, 7, 9తో చేస్తే 65. మోసం దొరికింది!

మన లెక్క చాలా చిన్నది. 60 వచ్చే వరుసలు ఇంకా ఎన్నో ఉంటాయి. కంప్యూటర్లు వాడే ఎస్‌హెచ్ఏ-256 అనే లెక్క ఎంత పెద్ద ప్రోగ్రామునైనా 256 బిట్ల గుర్తుగా కుదిస్తుంది. ప్రోగ్రాములో ఒక్క చుక్క మారినా ఆ గుర్తు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఒకే గుర్తు ఇచ్చే రెండు వేర్వేరు వరుసలను ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

ఇక రెండో పరీక్ష, ముద్ర. 83ను 97తో గుణించండి. అర నిమిషంలో 8,051 అని చెప్పేస్తారు. ఇప్పుడు మీ స్నేహితునికి 8,051 మాత్రమే చెప్పి, ఏ రెండు సంఖ్యలను గుణిస్తే ఇది వస్తుందో కనుక్కోమనండి. వాడికి చాలాసేపు పడుతుంది. గుణించడం సులువు, విడగొట్టడం కష్టం. ముద్ర రహస్యం ఇదే. విడగొట్టిన ముక్కలు తెలిసినవారే ముద్ర వేయగలరు. ముద్ర అసలైనదో కాదో చూడడానికి మాత్రం గుణించగా వచ్చిన పెద్ద సంఖ్య చాలు. ఆ సంఖ్యను అందరికీ చెప్పినా ఫర్వాలేదు.

సెక్యూర్ బూట్‌లో వాడే ఇటువంటి సంఖ్యకు 2,048 బిట్లు ఉంటాయి. మామూలు అంకెల్లో రాస్తే 617 అంకెలు! ఎంతోమంది నిపుణులు ఎన్నో కంప్యూటర్లతో శ్రమించి 2020లో 250 అంకెల సంఖ్యను విడగొట్టగలిగారు. 617 అంకెలది ఇంకా ఎవరి వల్లా కాలేదు. కాబట్టి దొంగముద్ర వేయడం కుదిరే పని కాదు.

మూడు రకాల తాళాలు

ముద్ర విద్య ఒక్కటే అయినా, తాళం ఎలా పెట్టాలన్నది తయారీదారు ఇష్టం. అందువల్ల పాత పలకలు మూడు రకాలుగా కనిపిస్తాయి.

మొదటి రకంలో తాళం ఉంటుంది, తాళంచెవి కూడా యజమాని చేతిలోనే ఉంటుంది. ఇంటెల్ చిప్పులతో విండోస్ నడిపిన పలకలు చాలావరకు ఈ కోవలోవి. 2013లో వచ్చిన ఏసుస్ టీ100, 2015లో మన దేశంలో మైక్రోమ్యాక్స్ అమ్మిన కాన్వాస్ ల్యాప్‌టాబ్ ఇటువంటివే. వీటికి ప్రాణం పోసే తొలి ప్రోగ్రామును యూఈఎఫ్ఐ అంటారు. దాని సెట్టింగుల్లోకి వెళ్ళి సెక్యూర్ బూట్‌ను ఆపే వీలుంటుంది. విండోస్ 8తో అమ్మే ఇంటెల్ యంత్రాల్లో ఈ వీలు ఉండాలని అప్పట్లో మైక్రోసాఫ్టే నియమం పెట్టింది.

అయితే ఈ పలకల్లో ఒక తమాషా చిక్కు ఉంది. వాటి ప్రాసెసరు 64 బిట్ల భాష తెలిసినది. దాన్ని మేలుకొలిపే యూఈఎఫ్ఐ మాత్రం చాలా పలకల్లో 32 బిట్ల భాషలోనే ఉంది. పెన్‌డ్రైవులో 64 బిట్ల బూట్‌లోడరు మాత్రమే ఉంటే, ఆ యూఈఎఫ్ఐ దాన్ని గుర్తించనే గుర్తించదు. గేటు దగ్గర మరాఠీ మాత్రమే తెలిసిన కాపలాదారుకు తెలుగులో రాసిన పట్టీ చూపించినట్టన్నమాట. సెక్యూర్ బూట్ ఆపినా లినక్స్ రావడం లేదని చాలామంది విసిగిపోయింది ఇక్కడే.

దీనికి మందు 2014లో దొరికింది. 32 బిట్ల యూఈఎఫ్ఐ మీదుగా 64 బిట్ల కెర్నెల్ నడిచే వీలును ఆ ఏడాది లినక్స్‌లో చేర్చారు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 8, రెండు భాషల పట్టీలూ ఉన్న ఇన్‌స్టలేషన్ డిస్కును అందించింది. కాపలాదారు తనకు తెలిసిన పట్టీ చదువుకుంటాడు. లోపలికి వెళ్ళాక పని 64 బిట్లలో సాగుతుంది.

రెండో రకం ఆండ్రాయిడ్ పలకలు. వీటిలో బూట్‌లోడరుకు తాళం వేసి అమ్ముతారు. కొన్ని కంపెనీలు యజమాని కోరితే తాళం తీసుకోనిస్తాయి, కొన్ని తీయనివ్వవు. 2012లో గూగుల్ అమ్మిన నెక్సస్ 7 పలకను కంప్యూటరుకు కలిపి ఒక్క ఆజ్ఞ ఇస్తే తాళం ఊడుతుంది. అయితే తాళం తీసేటప్పుడు అందులోని ఫొటోలు, ఉత్తరాలు అన్నీ చెరిగిపోతాయి. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటే. పలకను దొంగిలించినవాడు తాళం తీసినా మీ సొంత సంగతులు వాడి చేతికి చిక్కకూడదు కదా! 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్, ఇటువంటి పాత ఫోన్లనూ పలకలనూ పదేళ్ళయినా నడిపించాలన్న పట్టుదలతో పుట్టింది.

మూడో రకంలో తాళం ఉంటుంది గానీ యజమానికి తాళంచెవి ఉండదు. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన సర్ఫేస్ ఆర్‌టీ పలక ఇటువంటిది. అందులో ఉన్నది ఇంటెల్ చిప్పు కాదు, ఆర్మ్ జాతి చిప్పు. ఆర్మ్ యంత్రాల్లో సెక్యూర్ బూట్‌ను ఆపే వీలు ఉండకూడదని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. పలక సరిగా అమ్ముడుపోలేదు. 2013లో ఆ సంస్థ నిల్వ సరుకు విలువలో 90 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుంది. ఆ పలక నడిచే విండోస్‌కు 2023 జనవరి 10తో మరమ్మతులు కూడా ఆగిపోయాయి. మంచి అద్దం, మంచి చిప్పు, మంచి తయారీ. అయినా ముద్ర లేనిదే ఇంకేదీ నడవదు.

2016లో ఈ కాపలాలో ఒక కంత బయటపడింది. ఇద్దరు పరిశోధకులు దాన్ని కనిపెట్టి లోకానికి చెప్పారు. మైక్రోసాఫ్ట్ దాన్ని పూడ్చే మరమ్మతులు పంపింది. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న సర్ఫేస్ ఆర్‌టీలో, పూడ్చని కంతలోంచి లినక్స్ వేసుకునే దారి ఔత్సాహికులకు దొరికింది. సంతోషించవలసిన సంగతే గానీ, ఇందులో ఒక విచిత్రం చూడండి. యజమాని తన సొంత ఇంట్లోకి దూరడానికి దొంగ వాడే కంతనే వాడవలసి వచ్చింది. ఇది మంచి ఏర్పాటు అనిపించుకుంటుందా?

చేతికి పని చెబుదాం

మీ ఇంట్లో ఉన్నది మొదటి రకం పలక అనుకోండి. 2 గిగాబైట్ల ర్యామ్, 32 గిగాబైట్ల నిల్వ ఉండి, విండోస్ 10 నడుస్తోంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ కావాలి. కనుక ఈ పలకకు అది అందదు. లినక్స్ వేయడానికి ఇదే తగిన యంత్రం. ఇంట్లో పెద్దవారి అనుమతి తీసుకుని, వారిని పక్కన ఉంచుకుని మొదలుపెట్టండి.

ముందు పలకను వెనక్కి తిప్పి చూడండి. వెనుక భాగం ఉబ్బి ఉంటే బ్యాటరీ పాడైందన్నమాట. అది మండే ప్రమాదం ఉంది. ఛార్జి పెట్టకుండా అక్కడితో ఆపేయండి. బాగుంటే పూర్తిగా ఛార్జి చేయండి. పని మధ్యలో కరెంటు పోతే మొదటికే మోసం వస్తుంది. ఫొటోలు, కాగితాలు వేరే చోట భద్రం చేసుకోండి. విండోస్ నిల్వకు సంకేతలిపి తాళం వేసి ఉంటే, దాని రికవరీ నంబరు కూడా రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్ ఆపగానే విండోస్ ఆ నంబరు అడగవచ్చు.

ఇటువంటి పలకకు చాలాసార్లు ఒక్క చిన్న రంధ్రమే ఉంటుంది. దానికి ఓటీజీ వైరు, ఆ వైరుకు యూఎస్‌బీ హబ్బు, హబ్బుకు కీబోర్డు, పెన్‌డ్రైవు తగిలించాలి. లినక్స్ మొదలయ్యేదాకా తెరను తాకితే పని చేయకపోవచ్చు. అందుకే కీబోర్డు అవసరం.

వేరే కంప్యూటరులో డెబియన్ దించుకుని, 32 బిట్ల యూఈఎఫ్ఐకి పనికివచ్చేదేనని చూసుకోండి. దించుకున్నాక దాని ఎస్‌హెచ్ఏ-256 గుర్తును లెక్కించి, డెబియన్‌వారు ప్రకటించిన గుర్తుతో పోల్చండి. ఇందాక మీరు 60, 65 లెక్క చేశారే, అదే పరీక్ష ఇది. సరిపోతే పెన్‌డ్రైవులోకి ఎక్కించండి.

తర్వాత విండోస్ సెట్టింగుల్లోని రికవరీ భాగం ద్వారా యూఈఎఫ్ఐ సెట్టింగులకు వెళ్ళండి. సెక్యూర్ బూట్ ఆపి, పెన్‌డ్రైవు నుంచి మేలుకొమ్మని చెప్పండి. వెంటనే విండోస్ చెరిపేయకండి! పెన్‌డ్రైవు మీదనే నడిచే రకం లినక్స్‌తో ముందు పరీక్షించండి. వైఫై అందుతోందా? తెరను తాకితే కదులుతోందా? చప్పుడు వినిపిస్తోందా? ఏది పనిచేస్తుందో, ఏది చేయదో ఒక కాగితం మీద రాసుకోండి. ఈ పలకల్లో కెమేరా పనిచేయకపోవడం మామూలు. వైఫైకి అదనపు ఫైలు అవసరం పడవచ్చు.

ఇంకో జబ్బు కూడా ఉంది. ఆ కాలపు ఇంటెల్ ఆటమ్ చిప్పులు కొన్ని లినక్స్‌లో ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. పని లేనప్పుడు ప్రాసెసరు కునుకు తీస్తుంది. ఎక్కువసేపు పని లేకపోతే ఇంకా గాఢంగా నిద్రపోతుంది. ఆ గాఢనిద్ర నుంచి లేవలేకపోవడమే ఆ జబ్బు. మేలుకునేటప్పుడే కెర్నెల్‌కు, మొదటి మెట్టు కంటే లోతుగా నిద్రపోవద్దని ఒక ఆజ్ఞ ఇస్తే అది కుదురుకుంటుంది. బ్యాటరీ కాస్త త్వరగా ఖర్చవుతుంది, అంతే.

అన్నీ తృప్తిగా ఉన్నాకనే శాశ్వతంగా వేయండి. పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. 2 గిగాబైట్ల ర్యామ్‌తో ఇంటర్నెట్‌లో ఒకేసారి పది పేజీలు తెరిస్తే పలక నత్తలా నడుస్తుంది. కానీ తెలుగులో టైపు చేయవచ్చు, పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవచ్చు. కివిక్స్ అనే ప్రోగ్రాము ఉంటే, తెలుగు వికీపీడియాను ఒకసారి దించుకుని ఇంటర్నెట్ లేకుండానే చదువుకోవచ్చు. పోతన, వేమన అనే తెలుగు అక్షరరూపాలు ఉచితంగా దొరుకుతాయి. సాయం కావాలంటే హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగులోకి తేవడానికి అది ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఒక హెచ్చరిక కూడా అవసరం. పలక మీది కాకపోతే తాళం జోలికి పోవద్దు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు టాబ్లెట్లు పంచడం మొదలుపెట్టింది. ఆ విడతలో ఇచ్చినవి ఐదు లక్షలకు పైనే. పిల్లలు పాఠాలు వదిలి పక్కదారి పట్టకూడదని వాటికి కట్టుదిట్టాలు పెట్టారు. బడి ఇచ్చిన పలక మీద మీ ఒక్కరి నిర్ణయం చెల్లదు. అటువంటి పలక పాతబడి మూలపడితే, ఏం చేద్దామని మీ ఉపాధ్యాయులను అడగండి.

తాళం చెడ్డది కాదు. మన ఇంటికీ తాళం వేసుకుంటాం. ఊరికి వెళ్ళి వచ్చాక దాన్ని తెరిచే చెవి మన జేబులో ఉంటుంది. తాళం వేసిన మేస్త్రీ చెవి తన దగ్గరే ఉంచుకుని, పదేళ్ళ తర్వాత దుకాణం మూసేస్తే ఏం చేస్తాం?

ఇది ఒక్క పలక సంగతి కాదు. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో లెక్క ప్రకారం సరిగా సేకరించి శుద్ధి చేసింది నాలుగో వంతు కంటే తక్కువ. ఆ గుట్టలో అరిగిపోయినవే కాదు, ఇంకా వెలిగే అద్దాలు, ఇంకా లెక్కలు చేయగల చిప్పులు కూడా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి ఉన్న లోపం ఒక్కటే. తాళంచెవి పోయింది.

ఈసారి మీ ఇంట్లో కొత్త పలకో, ఫోనో కొనేటప్పుడు కెమేరా ఎంత, ధర ఎంత అని అడుగుతారు కదా. దానితోపాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. దీనికి మరమ్మతులు ఎన్నేళ్ళు పంపుతారు? ఆ తర్వాత దీని తాళం మేము తీసుకోవచ్చా? దుకాణదారు జవాబు చెప్పలేకపోవచ్చు. అయినా అడగండి. పది మంది అడిగితే జవాబు తెలుసుకుని ఉంచుకుంటాడు. ఈలోగా బీరువా తెరిచి, బట్టల కింద ఉన్న ఆ పాత పలక పేరు, మోడల్ నంబరు ఒకసారి చూడండి. అది మూడు రకాల్లో ఏదో తేల్చుకోండి.